ఉపాదానము: శ్రీరామనవమినాటి గృహకైంకర్యము

చైత్రశుద్ధ పాడ్యమి మొదలు నవమి వరకు గల తొమ్మిది దినములను వసంతనవరాత్రములని పెద్దలు వ్యవహరింతురు. మోడువారిన కొమ్మ ఈ దినములలో చివురు తొడుగును. వేప పూయును, మామిడి కాయును, కోకిల కూయును. ప్రకృతి తన ఇంటిని తానే అలంకరించుకొను ఈ వేళ తెలుగు గృహస్థుడు తన గడపను అలంకరించుకొని, మొదటి దినమున నూతన సంవత్సరమును, తొమ్మిదవ దినమున శ్రీరామచంద్రుని తన ఇంటికి ఆహ్వానించును.

ఈ ఆహ్వానమునకు కావలసిన సంభారములు ఒకప్పుడు ఇంటిలోనే సిద్ధమగుచుండెను. పెరటి మామిడి ఆకు తోరణమయ్యెడిది. పొలముగట్టు తాటియాకు పందిరియు విసనకర్రయు అయ్యెడిది. చెరకు పండించిన రైతు ఇచ్చిన క్రొత్త బెల్లము పానకమయ్యెడిది. నేడు ఇవి యన్నియు అంగడిలో లభించుచున్నవి. వాడిపోని ప్లాస్టిక్ తోరణము, ముద్రించిన ముగ్గు, సీసాలో నింపిన పానకము, పొట్లము కట్టిన చలిమిడి ఒక్క గడియలో కొని తెచ్చుకొనవచ్చును. అప్పుడొక ప్రశ్న పుట్టును. కొన్నదైన నేమి, చేసినదైన నేమి? మనస్సున భక్తి యుండిన చాలదా?

ఇది కుతర్కము కాదు. తీరిక లేని గృహస్థు నిజముగా అడుగు ప్రశ్న. దీనికి శాస్త్రమున సమాధానము కలదు.

ఉపాదానమనగా నేమి?

పాంచరాత్రము భక్తుని దినమును ఐదు భాగములుగా విభజించినది. అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అని వాటికి పేర్లు. ప్రాతఃకాలమున భగవంతుని సన్నిధికి చేరుట అభిగమనము. అర్చించుట ఇజ్య. శాస్త్రములను, మంత్రములను అధ్యయనము చేయుట స్వాధ్యాయము. చిత్తమును ఆయనయందే నిలుపుట యోగము. ఇక ఉపాదానమనగా పూజకు వలయు పుష్పములను, ఫలములను, ఇతర ద్రవ్యములను న్యాయమార్గమున సమకూర్చుకొనుట.

ఇచట గమనింపదగిన విశేషమొకటి కలదు. ద్రవ్యములను సమకూర్చుట పూజకు ముందు జరుగు చిల్లరపని యని శాస్త్రము చెప్పలేదు. దానిని ఆరాధనకాలములలో ఒకటిగా లెక్కించి, ఇజ్యతో సమానమైన పీట వేసినది. పుష్పము కోయువాని చేయి కోయుచున్నపుడే కైంకర్యమున ఉన్నది. బెల్లము తరుగు ఇల్లాలి చేయి తరుగుచున్నపుడే ఆరాధించుచున్నది. నవమినాటి పూజ మధ్యాహ్నమున గంట మ్రోగినపుడు మొదలగునని తలచువారు అందలి సగభాగమును తమకు తెలియకయే విడిచివేయుచున్నారు.

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున 26వ శ్లోకములో శ్రీకృష్ణుడు ఆకు, పువ్వు, పండు, నీరు అను నాలుగింటినే పేర్కొనెను. ఆ చిన్న శ్లోకమున భక్తి అను మాట రెండు పర్యాయములు వచ్చినది. వెల అను మాట ఒక్క పర్యాయమైనను రాలేదు. పైగా ఆ నాలుగింటిని తాను ఆరగింతునని స్వామి చెప్పెను. పండు ఆరగింపవచ్చును, నీరు త్రాగవచ్చును. ఆకును పువ్వును ఆరగించుట ఎట్లు? ఆకుతో కూడ దానిని తెచ్చిన చేతి ప్రేమయు ఆయనకు ఆహారమగుచున్నది కావున ఆ మాట సరిపోయినది.

శ్రీరామనవమి పండుగ ఈ నాలుగింటితోనే జరుగును. మామిడి ఆకు, వసంతపుష్పము, క్రొత్త మామిడికాయ, బెల్లపు నీరు చాలును. పేదవానికి భారముగాని పండుగ ఇది.

తోరణము, ముగ్గు

తోరణమునకు మరీ లేత ఆకు పనికిరాదు; ఎండకు ముడుచుకొనును. మరీ ముదురు ఆకు మడచునపుడు విరుగును. నడిమి వయస్సు గల ఆకులను ముందునాటి సాయంకాలము కోసి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి యుంచవలెను. ఆకు మొదటిభాగమును త్రాటిమీదుగా వెనుకకు మడచి, కొబ్బరి ఈనె ముక్కతో గ్రుచ్చిన గట్టిగా నిలుచును. పురికొస పేటలను కొంచెము విడదీసి, ఆ సందున తొడిమను దూర్చుటయు మరియొక పద్ధతి. నడుమనడుమ బంతిపువ్వు గుచ్చిన శోభ హెచ్చును.

ఆకు కోయుటకు ముందు చెట్టు యజమానిని అడుగవలెను. కావలసినంతకు మించి కొమ్మ విరువరాదు. న్యాయమార్గమున సమకూర్చుటయే ఉపాదానమని చెప్పబడినది కదా! పరుల చెట్టును చెప్పక దూసి తెచ్చినది తోరణము కావచ్చును గాని ఉపాదానము కాజాలదు.

ప్లాస్టిక్ ఆకు వాడదు. కావున నిన్నటి పండుగకును, రేపటి పండుగకును, పండుగ లేని దినమునకును అది ఒక్కటియే. దుమ్ము పట్టి గుమ్మమున వ్రేలాడుచుండును. దాని క్రింద నడచువారు తలయెత్తి చూడరు. నిజమైన ఆకు రెండుమూడు దినములకు వాడును. మరల పండుగ వచ్చినపుడు మరల చెట్టు దగ్గరకు పోవలెను. ఆ లోపమే దానియందలి గుణము. భగవత్సేవ ఒకసారి చేసి ముగించునది కాదనియు, ప్రతి పర్యాయము క్రొత్తగా చేయవలసినదనియు వాడిన తోరణము గుర్తుచేయుచుండును.

ముగ్గు విషయమున పూర్వులు బియ్యపుపిండిని వాడుటలో కరుణ కలదు. ఆ పిండిని చీమలు తినును, పిచ్చుకలు తినును. గృహస్థు నిత్యము చేయవలసిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి. ప్రాణికోటికి ఆహారమిడుటయే దాని ఫలితార్థము. వాకిట వేసిన పిండిముగ్గు శ్రీరామునికి స్వాగతము, చీమకు భోజనము. ఆయన ఇంటికి వచ్చునపుడు గడపవద్ద ఆకలిగొన్న ప్రాణి ఉండరాదని ఆ ముగ్గు భావము.

అగ్ని అక్కరలేని నైవేద్యము

నవమినాటి ప్రసాదములు ప్రధానముగా మూడు: పానకము, వడపప్పు, చలిమిడి. ఈ మూడింటికిని పొయ్యి అక్కరలేదు. చైత్రమాసపు ఎండలో మిట్టమధ్యాహ్నమున నివేదింపవలసిన పదార్థములకు అగ్నిస్పర్శ లేకుండ చేసిన పెద్దల వివేకము కొనియాడదగినది. శ్రీరాముని జననము చైత్రశుద్ధ నవమినాడు పునర్వసు నక్షత్రమున, కర్కాటకలగ్నమున జరిగినట్లు వాల్మీకి బాలకాండమున వర్ణించెను. మధ్యాహ్నపూజ అందువలననే ఆచారమైనది. ఆ వేళకు వంటయింటి పొగలో అలసి చెమటోడ్చిన గృహిణికి స్వామి ముఖము తృప్తిగా చూచు భాగ్యము లేకపోరాదు. పండుగ ఆమెకును పండుగయే కావలెను గదా!

పానకమునకు క్రొత్త మట్టికుండ శ్రేష్ఠము. దానిని ముందునాడే నీటితో నింపి నానబెట్టిన మట్టివాసన తగ్గును. లీటరు శుద్ధజలమునకు పావుకిలో బెల్లము సరిపోవును. బెల్లమును తరిగి నీటిలో కరగించి, పలుచని గుడ్డతో వడకట్టవలెను. బెల్లమున ఇసుక, నలకలు ఉండుట సహజము కావున ఈ పని విడువరాదు. పిదప కచ్చాపచ్చాగా దంచిన మిరియములు ఒక చెంచా, నాలుగైదు ఏలకుల పొడి, చిటికెడు సొంఠిపొడి కలిపి, పైన తులసీదళము వేసిన పానకము సిద్ధమగును. ఎండకు అలసిన దేహమునకు బెల్లము బలమిచ్చును. మిరియము, సొంఠి ఆ తీపి వెగటు కాకుండ కాచును.

పెసరపప్పును కడిగి రెండు గంటలు నానబెట్టి, నీరు ఓడ్చి, కొబ్బరితురుము, పుల్లమామిడి ముక్కలు కలుపుట వడపప్పు. వడను తగ్గించు పప్పు కావున దీనికి ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఉప్పు చేర్చుట, మానుట ఆయా ఇండ్ల ఆచారమును బట్టి యుండును. చలిమిడికి బియ్యమును ముందురాత్రి నానవేయవలెను. ఉదయమున వడగట్టి, తడి ఆరకముందే దంచి జల్లించి, ఆ తడిపిండిలో మెత్తగా తురిమిన బెల్లమును చేర్చి మర్దింపవలెను. నీరు వేరుగ పోయ నక్కరలేదు. పిండియందలి తడియే బెల్లమును కరగించి ముద్దచేయును.

నివేదనకు ముందు వీటిని రుచి చూడరాదను నియమము అందరికిని తెలిసినదే. అందలి శిక్షణ మాత్రము కొందరికే తెలియును. తీపి సరిపోయినదో లేదో నాలుకతో చూడక, కొలతను నమ్మి, స్వామికి ముందు అర్పించి, పిదప స్వీకరించుట నేర్చిన బాలుడు పెద్దవాడైన తరువాత తన సంపాదనయందును అట్లే చేయగలడు. ముందు తాను తిని, మిగిలినదానిని ఇచ్చువాడు దాత కాడు. పానకపు కుండ పిల్లలకు ఈ పాఠమును మాటలు లేకుండ బోధించును.

పందిరి, విసనకర్ర

నవమి ఒక్క ఇంటి పండుగ కాదు, వీధి పండుగ. జన్మదినముననే కల్యాణమును జరుపుట తెలుగునాట ఆచారము. కల్యాణమనగానే పందిరి కావలెను. గుంజలు పాతి, వెదురువాసములు కట్టి, పైన తాటియాకులు గాని కొబ్బరియాకులు గాని పరచి, ముందరి గుంజలకు అరటిబోదెలు కట్టుదురు. త్రాడు ఒకరు, వెదురు ఒకరు, ఆకు ఒకరు తెత్తురు. పందిరిని ఒక్కడు వేయలేడు. ఒకడు గుంజ పట్టుకొనినగాని మరియొకడు ముడి వేయజాలడు. ఏడాది పొడుగున మాటలు లేని ఇరుగుపొరుగువారు ఆ ఒక్క ముడికొరకై మాటలాడుకొనవలసివచ్చును. భరతుని ప్రేమించి, గుహుని కౌగిలించి, విభీషణుని ఆదరించిన స్వామి పందిరికి ఇట్టి ముడులే శోభ.

తాటియాకు విసనకర్ర ఈ పండుగకు చిహ్నము. కాడతో కూడిన లేత తాటియాకును తెచ్చి, పరచి, బరువు క్రింద ఆరనిచ్చి, అంచులను గుండ్రముగా కత్తిరించి, ఆ అంచు చీలిపోకుండ సన్నని ఆకుబద్దను చుట్టి దారముతో కుట్టుదురు. కాడయే పిడి యగును. నవమినాడు పానకముతో పాటు విసనకర్రను దానము చేయుట అనేక గృహములలో ఆచారము. చల్లని నీరు, చల్లని గాలి ఈ ఋతువునకు తగిన దానములు. తిరుమలలో చైత్రమాసమున పౌర్ణమితో ముగియునట్లు మూడు దినములు జరుగు వసంతోత్సవమున కూడ స్వామికి స్నపనము గావించి, చందనాది శీతలద్రవ్యములతో ఉపచరింతురు. మూడవనాడు సీతారామలక్ష్మణులును, రుక్మిణీకృష్ణులును ఆ ఉత్సవమున పాల్గొందురు. అర్చామూర్తికి ఎండ తగులునని చింతించుట ప్రేమకు లక్షణము. ఆ ప్రేమ కలవాడు వాకిట నడచిపోవు బాటసారికి కూడ ఎండ తగులునని గ్రహింపవలెను. వీధిలో పంచిపెట్టు పానకము అట్టి గ్రహింపునకు ఫలము. పదిమంది త్రాగునది కావున నీటి శుద్ధియందును, పాత్రల శుభ్రతయందును ఏమరుపాటు తగదు.

గోటి తలంబ్రాలు

చేతిపనియందలి మహిమను తెలిసికొనగోరువారు భద్రాచల తలంబ్రాలను స్మరింపవలెను. 17వ శతాబ్దమున కంచర్ల గోపన్న భద్రాద్రిరామునికి ఆలయమును నిర్మించి రామదాసుగా ప్రసిద్ధుడయ్యెను. గోలకొండను 1672 నుండి 1687 వరకు పాలించిన తానీషా కాలమునుండి కల్యాణమునకు ముత్యములను సమర్పించు ఆచారము వచ్చినదని ప్రసిద్ధి. నేడు తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వపక్షమున పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు సమర్పింపబడుచున్నవి. ఇది రాజలాంఛనము. ఆంధ్రప్రదేశమున ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణము 2015వ సంవత్సరము నుండి ఇట్లే ప్రభుత్వలాంఛనములతో జరుగుచున్నది.

ఆ ముత్యములతో పాటు భద్రాద్రి చేరు మరియొక కానుక కలదు. గోదావరీతీర గ్రామములలోను, సముద్రతీర ప్రాంతములలోను కొందరు భక్తులు వడ్లను రోట దంచక, మరలో ఆడింపక, ఒక్కొక్క గింజను గోటితో ఒలిచి, ఆ బియ్యమును కల్యాణ తలంబ్రాలకు పంపుచున్నారు. వాటినే గోటి తలంబ్రాలందురు.

ఇంత శ్రమ ఏల? అక్షత అను పదము సమాధానము చెప్పును. క్షతము కానిది, అనగా విరుగనిది అక్షత. రోకటిపోటు క్రింద కొన్ని గింజలు విరుగును. మరలో మరికొన్ని నలుగును. గోరు మాత్రము గింజను నొప్పింపక పొట్టును తొలగించును. ఒక గింజకు ఒక నామము చొప్పున ఒలుచువానికి పిడికెడు బియ్యమగునప్పటికి ఎన్ని రామనామములు లభించునో లెక్కించువా రెవరు? బియ్యము విరుగలేదు, స్మరణయు విరుగలేదు. తలంబ్రాలు స్వామి శిరస్సును చేరకముందే ఒలిచినవాని హృదయమున కల్యాణము జరిగిపోయినది.

ప్రతి ఇంట ఇది సాధ్యమే. పిడికెడు వడ్లు తెచ్చి ఉగాదినాడు పళ్ళెములో పోసి, తొమ్మిది దినములు సాయంసమయమున ఇంటిల్లిపాది చుట్టు కూర్చుండి తలకొక పది గింజలు ఒలిచినను నవమినాటికి ఇంటి అక్షతలు సిద్ధమగును. పసుపు, కొంచెము ఆవునెయ్యి చేర్చిన చాలును. పిల్లలు బియ్యము ఎచటినుండి వచ్చునో తెలిసికొందురు. చూపు మందగించిన వృద్ధులకును ఈ పనియందు పాలు లభించును. గోటికి చూపుతో పనిలేదు.

బంగారు పువ్వు, మట్టి పువ్వు

చేసినదాని సొగసు చాలదేమో, అంగడి వస్తువంత నున్నగా లేదేమో అని జంకువారు కురుంబరుత్తనంబి చరిత్రను తలచుకొనవలెను. పురాణమున భీముడను కులాలుడుగా చెప్పబడినవాడు ఇతడే. వేంకటాచల సమీపమున కుండలు చేసి జీవించు ఇతనికి కొండకు పోవు తీరికయు, పుష్పములు కొను శక్తియు లేకుండెను. ఇంటిలో దారువిగ్రహముగా స్వామిని నిలుపుకొని, కుండలు చేయగా చేతికి అంటుకొనిన మట్టితోనే పువ్వులు చేసి, ఆ విగ్రహమునకు సమర్పించుచుండెను.

అదే కాలమున తొండమాన్ చక్రవర్తి ప్రతిదినము బంగారుపుష్పములతో స్వామిని అర్చించుచుండెను. ఒకనాడు తన బంగారుపుష్పములు ప్రక్కకు తొలగియుండుటయు, స్వామియొద్ద మట్టిపువ్వులుండుటయు చూచి ఆశ్చర్యపడెను. అవి ఎవరివని విచారింపగా కుమ్మరి భక్తుని సంగతి తెలిసెను. రాజు స్వయముగా ఆ కుమ్మరి ఇంటికి పోయి అతని భక్తిని దర్శించి, తన గర్వమును విడిచెనని సంప్రదాయము చెప్పుచున్నది. నేటికిని తిరుమలలో స్వామికి పగిలిన మట్టికుండ ఓటిలో దధ్యోదనము నివేదింపబడుట ఈ భక్తుని గుర్తుచేయుచుండును.

రాజు అపరాధమేమి? ఆయనయు భక్తుడే, బంగారమును స్వామికే అర్పించెను గదా! కాని ఆ బంగారమును త్రవ్వినది ఒకరు, కరిగించినది ఒకరు, పువ్వుగా మలచినది మరియొకరు. రాజు చేతికి అది పూర్తియై వచ్చెను. కుమ్మరి పువ్వులో మట్టి తప్ప మరి యొక వస్తువు లేదు. చేయి తప్ప మరి యొక పనిముట్టు లేదు. ఆ మట్టిమీద అతని వ్రేలిముద్రలుండెను. స్వామి వాటినే ధరించెను. వంకరగా కుట్టిన విసనకర్రయందును, అంచులు కలియని ముగ్గునందును అట్టి వ్రేలిముద్రలే యుండును.

సహాయమునకు వచ్చిన బాలుడు

ఇంటిలో ఒకరే అన్నియు చేయుచు, మిగిలినవారు కూర్చుండి చూచుట మరియొక దోషము. చిన్నపిల్లలు వచ్చి, మేమును ఆకు గుచ్చెదము, మేమును పానకము కలిపెదము అనగా, ఒలకబోయుదురనియు, పాడుచేయుదురనియు కసరి పంపుట పెక్కు ఇండ్లలో కలదు. ఇట్టి సమయమున అనంతాళ్వాను కథ స్మరింపదగినది.

తిరుమలలో పుష్పకైంకర్యము చేయుటకు ఎవరు పోగలరని భగవద్రామానుజులు అడుగగా లేచి నిలుచున్న మహనీయుడు అనంతాళ్వాను. ఆయన కొండపై పూదోట పెంచి, దానికి నీటికొరకై చెరువు త్రవ్వుచుండెను. ఆయన గునపముతో మట్టి పెల్లగింపగా, గర్భవతియైన భార్య తట్టతో మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి సహాయము చేసెదననెను. గురువు ఆజ్ఞాపించిన కైంకర్యమున పరులకు పాలు లేదని ఆయన నిరాకరించెను. బాలుడు ఆమెకు చాటుగా సహాయము చేయుచుండగా కనిపెట్టి, కోపమున గునపము విసరెను. అది బాలుని గడ్డమునకు తగిలి గాయమయ్యెను. పిదప ఆలయమునకు పోయి చూడగా, స్వామి గడ్డమునుండి రక్తము కారుచుండెను. ఆ గాయమునకు ఆయన పచ్చకర్పూరము అద్దెను. ఆ కర్పూరపు అలంకారము నేటికిని స్వామి గడ్డమున కలదు. ఆ గునపము తిరుమల మహాద్వారమున భక్తులకు కనబడుచున్నది.

అనంతాళ్వాను గురుభక్తి నిరుపమానము. దానిని తప్పుపట్టుటకు ఎవరికిని అర్హత లేదు. కాని గృహస్థు గ్రహింపవలసినది ఒకటి కలదు. తట్ట మోయుటకు వచ్చినవాడు స్వామియే. తోరణము కట్టుచున్న తల్లి కొంగుపట్టి, నాకును ఒక ఆకు ఇమ్మని అడుగు బిడ్డ ఎవరో ఎవరు చెప్పగలరు? వాని చేతిలో నాలుగాకులు చిరిగిన చిరుగనిండు. పానకము కొంత ఒలికిన ఒలకనిండు. ఆకు మరల దొరకును, బెల్లము మరల దొరకును. వద్దన్నచోట మరల అడుగు బిడ్డ మాత్రము అరుదు. ఆ వయస్సున చేయి నేర్వని కైంకర్యమును పెద్దయైన తరువాత అంగడియే నేర్పును.

పురుషులకును ఈ మాట వర్తించును. వడపప్పు కడుగుట, కొబ్బరి తురుముట, బెల్లము తరుగుట స్త్రీలపని యని శాస్త్రమెచటను నియమింపలేదు. కోవెలలో స్వామికి వండువారు పురుషులే గదా! ఇల్లాలు ఒక్కతెయే తెల్లవారుజామున లేచి, మధ్యాహ్నము వరకు నడుము వంచి, అందరు భుజించిన పిదప ఆరిన విస్తరి ముందు కూర్చుండిన గృహమున ఉపాదానము జరిగినది కాని, దానిని పంచుకొనని మిగిలినవారికి దాని ఫలము అందలేదు.

చేయలేనివారి మాట

ఇంతయు చదివి, ఇవి చేయలేకపోతిమే యని కుందువారు ఉండవచ్చును. నగరమున అంతస్తుల మేడలో ఒంటరిగా నుండు వృద్ధురాలికి మామిడిచెట్టు లేదు, మెట్లు దిగు ఓపిక లేదు. రోగియొద్ద కాచియుండు కుమార్తెకు బియ్యము దంచు తీరిక లేదు. విదేశములలో నుండు తెలుగువారికి మావిడాకు దొరకదు. ఆస్ట్రేలియా ఖండమున చైత్రమాసము వచ్చునప్పటికి అది వసంతమైనను కాదు; అచట ఆకు రాలు కాలము. వీరికి పండుగ లేదా?

శ్రీమద్భాగవతమున కుచేలుని వృత్తాంతము వీరికొరకే యున్నది. ఆయన భార్య ఇరుగుపొరుగు ఇండ్లలో అడిగి తెచ్చిన నాలుగు పిడికెళ్ళ అటుకులను పాతగుడ్డలో మూటకట్టి ఇచ్చెను. ద్వారకలోని వైభవము చూచిన కుచేలుడు సిగ్గుపడి ఆ మూటను ఇవ్వలేకపోయెను. శ్రీకృష్ణుడే దానిని లాగికొని, పిడికెడు తీసికొని ఆరగించెను. ఆ అటుకులు ఆ ఇంట దంచినవి కావు, అడిగి తెచ్చినవి. కాని ఆ ఇల్లాలు అడుగుటకు నడచిన అడుగులలోను, మూటకట్టిన ముడిలోను ఉపాదానము పూర్ణముగా నున్నది.

కావున ఏదియు చేయలేనివారు ఒక గ్లాసు నీటిలో చిన్న బెల్లపుముక్క కరగించి, ఒక తులసీదళము వేసి, స్వామిముందు ఉంచిన చాలును. అది పానకమే. మావిడాకు లేనిచోట ఆ దేశమున పెరుగు శుచియైన ఆకు తోరణమగును. మధుమేహము వంటి వ్యాధులచే తీపి మానినవారు నివేదించి, ఒక బొట్టు తీర్థమువలె స్వీకరించి, మిగిలినది పొరుగువారికి పంచవచ్చును. అందు దోషము లేదు. కొనక తప్పనివారు అన్నియు కొనినను, ఏదైన ఒక్క పని తమ చేతితో చేయుట మేలు. ఒక్క అక్షత గింజ ఒలిచినను, ఒక్క పువ్వు గుచ్చినను ఆ చేయి కైంకర్యమున చేరును.

మొదట వేసిన ప్రశ్నకు ఇపుడు బదులు చెప్పవచ్చును. భక్తి యుండిన చాలును, అది సత్యము. అయితే భక్తి మనస్సున ఊరక నిలుచు వస్తువు కాదు. ప్రేమించిన చేయి ప్రియునికొరకై ఏదో ఒకటి చేయక యుండలేదు. చేయుచున్నకొలది ఆ ప్రేమ పెరుగును. మనస్సు చంచలము, ధ్యానమున కూర్చుండుమనిన పరుగెత్తును. చేతికి ఆకును, దారమును ఇచ్చిన చేతివెంట తానును వచ్చి కూర్చుండును. ఈ రహస్యమును ఎరిగియే పెద్దలు పండుగకు ఇన్ని చేతిపనులు కూర్చిరి.

రాబోవు నవమికి ప్రతి తెలుగు గడపయందు ఒక పచ్చని ఆకైనను ఇంటివారి చేతితో కట్టబడుగాక! ప్రతి వాకిట ఒక బాటసారి దప్పి తీరుగాక! శ్రీసీతారామచంద్రుల కృప ఎల్ల గృహములయందు నిండియుండుగాక!

శ్రీరామార్పణమస్తు.